హాక్సా బ్లేడు వీపు: పాత కారు ప్లగ్గు గ్యాపు గురించి

(కడపలో ఒక ఆదివారం ఉదయం పాత కార్ల యజమానులు, ఐటీఐ మోటార్ మెకానిక్ విద్యార్థులు కలిసిన చోట ఒక విశ్రాంత ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి, ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో అరిచిన గొంతు ఇది. వెనక కూర్చున్న పిల్లలకు వినపడుతోందా? సరే.

పాత కార్ల గురించి ఏదైనా మాట్లాడండి సార్ అన్నారు నన్ను పిలిచినవాళ్లు. ఏదైనా అంటే చాలా ఉంది. గంటలో అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు కాదు. అందుకని ఒక్కటే పట్టుకొచ్చాను. ప్లగ్గు గ్యాపు. అంటే ఇంజనులో పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గు కొసన, నడిమి ఎలక్ట్రోడ్‌కూ పక్క ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఉండే సందు. కొందరి మొహాలు చూస్తుంటే తెలుస్తోంది, ఈ చిన్నదానికి ఆదివారం పూట నిద్ర మానుకుని రావాలా అని. నేనూ ఒకప్పుడు దాన్ని చిన్నదే అనుకున్నాను. అలా అనుకున్నందుకే గువ్వలచెరువు ఘాట్‌లో నిలబడిపోయాను. ముందు ఆ ముచ్చట చెప్తాను.

1994 ఎండాకాలం. నా దగ్గర పెట్రోలు అంబాసిడర్ ఉండేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రాయచోటిలో మా బావమరిది ఇంట్లో పెళ్లి. దూరం పోతున్నాం కదా అని ముందురోజు నాలుగు కొత్త ప్లగ్గులు తెచ్చి నేనే వేసుకున్నాను. డబ్బాలోంచి తీశాను, బిగించాను, అంతే. మరుసటి రోజు ఊళ్లో బండి పట్టులా పోయింది. ఏడు రోడ్ల దగ్గర ఆగి పూలు కొన్నాం, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నడిచే ఐడ్లింగ్ కూడా చక్కగానే ఉంది. రాయచోటి రోడ్డెక్కినాక కూడా ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ మొదలయ్యాక పెడల్ లోపలికి తొక్కానో లేదో, డుబ్ డుబ్ అని మిస్సింగ్, ఇంజను మధ్యమధ్యలో నిప్పు తప్పుతోంది. కాలు తీస్తే సర్దుకుంటుంది, మళ్లీ తొక్కితే మళ్లీ మిస్సింగ్. బస్సులు, లారీలు హారన్ కొడుతూ దాటి పోతున్నాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ ఇబ్బంది. (నవ్వులు) ఎలాగో మొదటి గేరులో పాకుతూ పైకి చేరాం. తిరుగు ప్రయాణంలో దిగుడు కాబట్టి బండికి ఏ జబ్బూ లేదు. పాలకోవా కొనుక్కుని ఇంటికొచ్చాం.

తరువాత మూడు రోజులు నేను చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు. కార్బురేటర్ విప్పాను. జెట్లు ఊదాను. పెట్రోలులో కల్తీ అని అనుమానపడ్డాను. ట్యాంకులోంచి పెట్రోలు లాగే ఏసీ పంపు డయాఫ్రం మార్చాను. ప్లగ్గుల జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే అవి కొత్తవి కదా! నాలుగో రోజు లారీ షెడ్లలో పనిచేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయాను. చాచా అని పిలిచేవాళ్లం. ఆయన ఒక ప్లగ్గు విప్పి, వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, కుర్రాడితో హాక్సా బ్లేడు తెప్పించాడు. పళ్లవైపు కాదు, వీపు వైపు. దాన్ని సందులో పెట్టి ఊపితే అటూ ఇటూ కొట్టుకుంటోంది. "సారూ, ఈ సందులో మా మనవడు కూడా దూరిపోతాడు" అన్నాడు. నేను ఐటీఐలో అదే పాఠం పిల్లలకు చెప్పే మనిషిని. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ ప్లగ్గులు మరలకు సరిపోయాయి, పొడవుకు సరిపోయాయి. గ్యాపు మాత్రం వేరే ఇంజనుకు పెట్టింది, దాదాపు ఒక మిల్లీమీటరు. నా బండికి కావలసింది అంగుళంలో వెయ్యికి 25 వంతులు. మన షెడ్ల భాషలో 25 థౌ, మిల్లీమీటర్లలో 0.63. చాచా హాక్సా బ్లేడు ఎందుకు తెప్పించాడో ఇప్పుడు తెలిసిందా? మామూలు చేతి హాక్సా బ్లేడు రేకు మందం సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. పళ్లవైపు కొలవకూడదు, పళ్లను కుడికీ ఎడమకూ వంచి ఉంటారు కాబట్టి అక్కడ మందం ఎక్కువ. సందు కొలిచే గేజి చేతిలో లేని రోజుల్లో మన మేస్త్రీలు అంబాసిడర్ ఇంజన్లను ఆ వీపు మీదే నడిపించారు. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గ్యాపు తప్పు అయితే బండి అసలు స్టార్టే కాకూడదు కదా? ఊళ్లో పరుగెత్తి ఘాట్‌లోనే ఎందుకు మొరాయించింది? ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చెప్పగలరు.

మన కేసీ కాలువ కింద పంట కాలువలు ఉంటాయి చూడండి. చిన్నప్పుడు అందరం దూకినవాళ్లమే. ఒట్టి చేతులతో దూకడం వేరు, నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని దూకడం వేరు. కాలువ వెడల్పు మారలేదు, దూకేవాడి కాళ్లూ మారలేదు. మోపు బరువు మారింది. ప్లగ్గులో నిప్పురవ్వ దూకాల్సిన కాలువ గ్యాపు. మోపు బరువు సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి.

బయట మామూలు గాలిలో నిప్పురవ్వ ఒక మిల్లీమీటరు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు చాలు. లోపల పిస్టన్ ఆ గాలిని ఏడెనిమిది వంతులు కుదించేస్తుంది. గాలి ఎంత దట్టమైతే దాన్ని చీల్చుకుని పోవడానికి అంత వోల్టేజి కావాలి. అక్కడ అదే గ్యాపుకు ఎనిమిది వేలు, పది వేలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావాలి. సమతలం మీద మెల్లగా పోతున్నప్పుడు థ్రాటిల్, అంటే పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి దారి మూత, సగం కూడా తెరుచుకోదు. సిలిండర్‌లోకి పోయే గాలి తక్కువ, కుదించినా ఒత్తిడి తక్కువ. ఘాట్‌లో పెడల్ తొక్కామంటే గాలి నిండుగా పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్గు అడిగే వోల్టేజీ పెరుగుతుంది. అదే సమయానికి, ప్లగ్గుకు ఆ వోల్టేజి ఇచ్చే మన కాయిల్ పరిస్థితి చూడండి. మే నెల కడప ఎండ, పైన ఇంజను వేడి. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 20 శాతం. అంతమేర కరెంటు తగ్గుతుంది. అడిగేవాడు ఎక్కువ అడుగుతున్నాడు, ఇచ్చేవాడి జేబు చిల్లు పడింది. అక్కడ వచ్చింది మిస్సింగ్.

ఇందులోనే ఇంకో మాట ఉంది, పిల్లలు గుర్తు పెట్టుకోండి. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజను మీద ఆనించి, సెల్ఫ్ కొట్టి "స్పార్క్ వస్తోంది సార్, ప్లగ్గు బాగుంది" అంటుంటారు. అది గడ్డిమోపు లేకుండా దూకి చూపించడం. బయట వచ్చినంత మాత్రాన లోపల వస్తుందని చెప్పలేం. బయట కూడా రాకపోతే చచ్చినట్టే, అంతవరకే ఆ పరీక్ష.

కాయిల్ సంగతి కూడా కాస్త చూద్దాం. బ్యాటరీ 12 వోల్టులు. కాయిల్ మొదటి చుట్ట నిరోధం సుమారు 3 ఓములు, అంటే కాయిల్‌కు కరెంటు కలిపి విడదీసే స్విచ్చు, అదే పాయింట్లు, కలిసి ఉన్నప్పుడు దాదాపు 4 ఆంపియర్లు పారుతుంది. పాయింట్లు ఠక్కున విడిపోగానే ఆ కరెంటు ఆగి, అయస్కాంత బలం కూలిపోయి, మొదటి చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులు పుడతాయి. రెండో చుట్టలో తీగ చుట్లు దాదాపు వంద రెట్లు. కాబట్టి అక్కడ 20 వేల పైచిలుకు. కరెంటు అలా ఆగితే వోల్టేజి పుడుతుందని ఫెరడే 1831లో చూపించాడు, దాన్ని బ్యాటరీ, కాయిల్, పాయింట్ల రూపంలో కారుకు తెచ్చింది 1910 ప్రాంతంలో అమెరికా ఇంజనీరు కెటరింగ్. మన అంబాసిడర్ 2014లో ఆగిపోయేదాకా బతికినా, దాని పాత పెట్రోలు బండ్లలో గుండె మాత్రం కెటరింగ్ గుండెనే. హై టెన్షన్ వైరు అంటాం కదా, ఆ టెన్షన్ అంటే వోల్టేజి. మనకు టెన్షన్ వస్తే బీపీ, దానికి వస్తే బండి నడుస్తుంది. (నవ్వులు)

ఇంజను 3,000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు కాలుతుంది. నాలుగు సిలిండర్లకు కాయిల్ ఒక్కటే, అంటే సెకనుకు 100 స్పార్కులు. ఒక్కోదానికి దొరికేది సెకనులో నూరో వంతు, అందులో పాయింట్లు కలిసి ఉండే కాలం మూడింట రెండు వంతులు. ఆ కొద్ది సేపటిలోనే కాయిల్ నిండాలి. పాత కాయిల్ నిండు కుండ కాదు. దాని జేబులో ఎంత ఉందో చూసి గ్యాపు పెట్టారు ఆ ఇంజను తయారుచేసినవాళ్లు. గ్యాపు అనేది ప్లగ్గు గుణం కాదు. కాయిల్‌కూ సిలిండర్‌కూ మధ్య కుదిరిన బేరం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

కొంతమంది కుర్రాళ్లు వస్తారు. "సార్, కొత్త కార్లలో 1.1 మిల్లీమీటరు పెడతారట, పెద్ద స్పార్క్ వస్తుందట, మా తాత అంబాసిడర్‌కూ పెడదాం" అని. కొత్త బండిలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటుంది, చాలావాటిలో సిలిండర్‌కు ఒక కాయిల్ ఉంటుంది. ఆ జేబు వేరు. మన పాయింట్ల బండికి అంత గ్యాపు పెడితే దూకలేని వోల్టేజి ఊరుకోదు, ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుంటుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల గీతలా కాలుతుంది, అందులో తిరిగే రోటర్ కాలుతుంది, పాత వైర్ల పక్కనుంచి కారుతుంది. రాత్రి బానెట్ ఎత్తి, లైట్లన్నీ ఆర్పి ఇంజను నడిపించి చూడండి. వైర్ల చుట్టూ నీలిరంగు మెరుపులు ఆడుతుంటే మీ కరెంటు ప్లగ్గుకు చేరడం లేదని అర్థం. చూడటానికి దీపావళిలా ఉంటుంది, చెయ్యి మాత్రం పెట్టకండి.

మరి చిన్నదిగా పెడితే క్షేమమా? అదీ కాదు. నిప్పురవ్వ సులువుగానే దూకుతుంది, కానీ ఆవగింజంత మంట పుట్టి, పక్కనే ఉన్న లోహానికి తన వేడి అప్పజెప్పి ఆరిపోతుంది. ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంది, చల్లటి పొద్దున స్టార్ట్ కావడానికి ఏడుస్తుంది, కాస్త కార్బన్ పడితే సందు మూసుకుపోతుంది. ఎక్కువైతే ఘాట్‌లో తెలుస్తుంది, తక్కువైతే ఇంటి ముందే తెలుస్తుంది.

అంకెలు రాసుకునేవాళ్లు రాసుకోండి. పాత 1489 సీసీ అంబాసిడర్‌కు 25 థౌ. 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజను వేరే జాతి, దానికి ఈ అంకె వాడకండి. ప్రీమియర్ పద్మినికి అంబాసిడర్ దరిదాపుల్లోనే, ఇంకాస్త తక్కువ. కార్బురేటర్ మారుతి 800కు 0.7 నుంచి 0.8 మిల్లీమీటరు, తరువాతి ఇంజెక్షన్ మోడల్‌కు ఇంకా ఎక్కువ. అదే 800 కదా అని కలిపేయకండి. ఏ బండికైనా ఓనర్స్ మాన్యువల్ ఉంటే నన్ను నమ్మకండి, దాన్ని నమ్మండి. గ్యాస్ కిట్ పెట్టినవాళ్లకు ఒక మాట: ఆ ఇంధనానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి, కాబట్టి గ్యాపు కొంచెం తగ్గించి పెట్టడం మామూలు.

ఇక చేతి పని. ఇంజను చల్లగా ఉండాలి. ముఖ్యంగా మారుతిది అల్యూమినియం హెడ్డు, వేడి మీద విప్పితే మరలు ప్లగ్గుతో పాటే ఊడొస్తాయి. వైర్లకు 1, 2, 3, 4 అని టేపు అంటించుకోండి. అంబాసిడర్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు కాలే వరుస, 1-3-4-2 నోటికి వచ్చినా సరే అంటించుకోండి, పక్కన ఎవరో మాట్లాడిస్తారు, మర్చిపోతాం. వైరు పట్టుకుని లాగొద్దు, రబ్బరు టోపీ పట్టుకుని లాగాలి. ప్లగ్గు ఒక చుట్టు వదులు చేశాక ఆగండి. చుట్టూ ఉన్న దుమ్మును సైకిల్ పంపుతో ఊదేయండి. మన నేల దుమ్ము ఎలాంటిదో మీకు చెప్పాలా? విప్పగానే ఆ గుంతలోకి జారిందంటే సిలిండర్ గోడలకు గీతలు.

నాలుగూ విప్పి ఒక చెక్క మీద వరుసగా పెట్టండి. ఇక్కడ తొందరపడకండి, నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. ప్లగ్గు ముక్కు చూస్తే ఇంజను జాతకం తెలుస్తుంది. కాఫీ పొడి రంగులో, లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, లేదా చోక్ ఇరుక్కుంది, లేదా స్పార్క్ బలహీనం. నూనెతో తడిగా ఉంటే రింగులో, వాల్వు గైడో అరిగాయి, దానికి గ్యాపు మందు కాదు. తెల్లగా పొంగులు తేలి ఉంటే వేడెక్కిపోతోంది. నాలుగులో మూడు ఒకలా, ఒకటి వేరేలా ఉందంటే జబ్బు ఆ ఒక్క సిలిండర్‌దే, కార్బురేటర్‌ను తిట్టకండి. సీసం కలిసిన పెట్రోలు 2000 సంవత్సరంలో దేశమంతా పోయింది కాబట్టి, పాత పుస్తకాల బొమ్మల్లోని రంగుల కన్నా ఇప్పుడు కాస్త పాలిపోయి కనిపిస్తాయి. కంగారు పడొద్దు.

తరువాత శుభ్రం చేయడం. మెత్తటి ఇత్తడి బ్రష్షు, కొంచెం పెట్రోలు, అంతే. ఇసుక కొట్టించిన ప్లగ్గులు నాకు ఇష్టం లేదు. పింగాణీ చుట్టూ ఉన్న లోతులో ఒక రేణువు దాక్కున్నా లోపల అదే రంపం. ఎలక్ట్రోడ్ మొన గుండ్రంగా అరిగి ఉంటే పాయింట్ల ఆకురాయితో మెల్లగా చదును చేయండి. పదునైన అంచు నుంచి నిప్పురవ్వ తేలిగ్గా దూకుతుంది. మీలో ఎవరైనా ఇరిడియం ప్లగ్గులు వేసుకుంటే వాటిని ఆకురాయితో గీకడం మాట అటుంచి బ్రష్షు కూడా తాకించకండి. సన్నటి మొన, ఠప్పున విరుగుతుంది.

ఇప్పుడు కొలత. రకరకాల మందాల రేకుల కట్ట ఫీలర్ గేజి, అందులో 25 అని రాసిన రేకు సందులో పెట్టాలి. రేకు కాస్త పట్టి వదలాలి, వెన్నలో కత్తి పోయినట్టు. ఆ పట్టు చేతికి అలవాటు కావాలి, మాటల్లో చెప్పేది కాదు. తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. 25 పోవాలి, 27 పోకూడదు. రెండూ పోతే ఎక్కువ, రెండూ పోకపోతే తక్కువ. వాడిన ప్లగ్గుకు మాత్రం చదును రేకు అబద్ధం చెప్తుంది. పక్క ఎలక్ట్రోడ్ లోపలివైపు గుంత పడి ఉంటుంది, రేకు ఆ గుంత అంచుల మీద నిలబడి లోపలి లోతును చూడదు. అక్కడ తీగ గేజి కావాలి, గుండ్రటి తీగ గుంతలోకి దిగుతుంది. చాచా బ్లేడుకు కూడా ఈ దోషం ఉంది. దండం పెట్టాలన్నాను కాబట్టి ఈ మాటా చెప్పాలి.

తగ్గించాలంటే పక్క ఎలక్ట్రోడ్‌ను గట్టి రాయి మీద మెల్లగా తట్టండి. మన ఊళ్లో అరుగుల నిండా కడప బండలే, వెతుక్కోనక్కర్లేదు. ఒక్క తట్టు, కొలత. మళ్లీ ఒక్క తట్టు, కొలత. పెంచాలంటే గేజికి ఉండే గాడితో పక్క ఎలక్ట్రోడ్‌నే పట్టి వంచాలి. స్క్రూడ్రైవర్ దూర్చి నడిమి ఎలక్ట్రోడ్ మీద ఆనించి తిప్పేవాళ్లున్నారు. దయచేసి వద్దు. లోపల పింగాణీ వెంట్రుకవాసి చీలుతుంది, కంటికి కనపడదు. బండి వేడెక్కాక ఆ చీలికలోంచి కరెంటు దొంగదారిన పోతుంది. ఆ మిస్సింగ్ పట్టుకోవడానికి నెల పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మొదటి మరలు చేత్తోనే తిప్పాలి. వేళ్లు అందని చోట పాత పెట్రోలు పైపు ముక్క ప్లగ్గు తలకు తొడిగి తిప్పండి. అడ్డంగా ఎక్కితే పైపు జారిపోతుంది, పానా అయితే జారకుండా హెడ్డును పాడు చేస్తుంది. వాషర్ ఆనిన తరువాత కొత్త ప్లగ్గు అయితే అర చుట్టు, ఇంకాస్త. పాతదయితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి కొద్దిగా చాలు. మీ బలం చూపించడానికి వేరే చోట్లు ఉన్నాయి.

ఒక ప్రశ్న వచ్చింది, పాయింట్లు ముందా ప్లగ్గులు ముందా అని. పాయింట్లు ముందు. అంబాసిడర్‌కు 15 థౌ. పాయింట్ల గ్యాపు మారితే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే క్షణం, మారుతుంది, కాయిల్ నిండే సమయమూ మారుతుంది. పాయింట్లు, ప్లగ్గులు, చివర టైమింగ్. ఈ వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఎన్ని రోజులకు చూసుకోవాలని ఇంకొకరు. గ్యాపు తనంతట తాను పెరుగుతుంది. ప్రతి నిప్పురవ్వా రవ్వంత లోహం ఎత్తుకుపోతుంది, వెయ్యి కిలోమీటర్లకు మిల్లీమీటరులో నూరో వంతు, కొంచెం అటూ ఇటూ. 15 వేలు తిరిగేసరికి 0.63 కాస్తా 0.8 అవుతుంది. నా అలవాటు 5 వేలకు ఒకసారి విప్పి చూడటం, 15 వేలకు మార్చడం. నెలకొకసారి పెళ్లిళ్లకు మాత్రమే తీసే బండి అయితే కిలోమీటర్లు చూడకండి, ఏడాదికి ఒకసారి విప్పండి.

కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీసి అలాగే వేయొచ్చా అని ఎవరూ అడగలేదు. 1994లో నేనూ అడగలేదు.

మాటలు చాలు. బయట వేపచెట్టు కింద నా బండి ఉంది. పొద్దున ఏడింటికి ఆపాను, ఇప్పటికి చల్లబడి ఉంటుంది. నాలుగు ప్లగ్గుల్లో ఒకదాని గ్యాపు కావాలనే మార్చి పెట్టాను. గేజి డాష్‌బోర్డులో ఉంది, హాక్సా బ్లేడు కూడా ఉంది. ఏ ప్లగ్గో, ఎన్ని థౌ ఉందో కొలిచి చెప్పండి. రండి, పిల్లలు ముందు.